మోల్‌లు, ద్రవ్యరాశి, వాయు ఘనపరిమాణం: రసాయన లెక్కలు ఎలా చేయాలి?

తక్కెడ మనకు గ్రాములను చూపుతుంది, రసాయన సమీకరణం మాత్రం కణాల సంఖ్యను చెబుతుంది. ఈ రెండింటి మధ్య నేరుగా దారి లేదు. మోల్ మీదుగానే వెళ్లాలి. ఈ లెక్కల్లో తడబడేవారిలో చాలామందికి గుణకార భాగహారాలు బాగానే వస్తాయి, కానీ సమీకరణంలోని అంకెలను గ్రాములకు తగిలించి ఒక పదార్థపు గ్రాముల నుంచి మరో పదార్థపు గ్రాములకు ఒక్క గంతులో చేరాలని చూస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది.

మోల్ అంటే ఒక సంఖ్య. డజను అంటే పన్నెండు అయినట్లే, మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలు. ఒకప్పుడు 12 గ్రాముల కార్బన్-12లో ఉండే పరమాణువుల సంఖ్యగా దీన్ని నిర్వచించేవారు. 2019 మే 20 నుంచి పై విలువనే స్థిరంగా తీసుకుంటున్నారు. ద్రవ్యరాశికీ ఘనపరిమాణానికీ సంబంధించిన లెక్కల్లో ఇంత పెద్ద సంఖ్య అవసరమే రాదు కాబట్టి, దాన్ని చూసి బెదరవలసిన పని లేదు. అణువులు ఎన్ని అని అడిగినప్పుడు మాత్రమే మోల్‌లను 6.022 × 10²³తో గుణించాలి.

మొదటి మెట్టు: తుల్య సమీకరణం రాయండి

సమీకరణానికి రెండు వైపులా ప్రతి మూలకపు పరమాణువులూ సమానంగా ఉండాలి. ఉదాహరణకు అల్యూమినియం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చర్య జరిపినప్పుడు 2 మోల్‌ల అల్యూమినియం 6 మోల్‌ల ఆమ్లంతో కలిసి 2 మోల్‌ల అల్యూమినియం క్లోరైడ్‌ను, 3 మోల్‌ల హైడ్రోజన్ వాయువును ఇస్తుంది. ఈ 2, 6, 2, 3 అనే గుణకాలు మోల్‌ల నిష్పత్తిని మాత్రమే చెబుతాయి. వాటిని గ్రాముల నిష్పత్తిగా ఎన్నడూ చదవకూడదు.

రెండవ మెట్టు: మోలార్ ద్రవ్యరాశి కట్టండి

ఫార్ములాలోని పరమాణువుల ద్రవ్యరాశులను కూడితే ఒక మోల్ పదార్థం ఎన్ని గ్రాములో తెలుస్తుంది. కాల్షియం కార్బొనేట్‌కు ఇది 40 + 12 + (3 × 16), అంటే 100 గ్రాములు. ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త అవసరం. కాల్షియం హైడ్రాక్సైడ్ వంటి ఫార్ములాలో కుండలీకరణం తర్వాత ఉన్న 2, లోపలి ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ కూడా వర్తిస్తుంది కాబట్టి లెక్క 40 + 2 × (16 + 1), అంటే 74 అవుతుంది. అలాగే హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, క్లోరిన్ వాయువులు రెండేసి పరమాణువుల అణువులుగా ఉంటాయి. ఆక్సిజన్ వాయువుకు 16 కాక 32, క్లోరిన్‌కు 35.5 కాక 71 తీసుకోవాలి.

మూడవ మెట్టు: ఇచ్చిన దాన్ని మోల్‌లలోకి మార్చండి

గ్రాములు ఇస్తే మోలార్ ద్రవ్యరాశితో భాగించాలి. ప్రతి అంకె పక్కనా ప్రమాణం తప్పకుండా రాయమని నా గట్టి సలహా. గ్రాములను ‘మోల్‌కు ఇన్ని గ్రాములు’ అనే రాశితో భాగిస్తే గ్రాములు కొట్టివేయబడి మోల్‌లు మిగలాలి. అలా మిగలకపోతే భాగించవలసిన చోట గుణించారని అర్థం. సూత్రాన్ని త్రిభుజంలో పెట్టి బట్టీ పట్టడం కన్నా ఈ అలవాటు ఎంతో మేలు.

వాయువు ఘనపరిమాణం ఇస్తే ఉష్ణోగ్రతనూ పీడనాన్నీ ముందు చూడాలి. సమాన ఉష్ణోగ్రత, పీడనాల వద్ద సమాన ఘనపరిమాణం గల వాయువుల్లో అణువుల సంఖ్య సమానమని ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో 1811లో ప్రతిపాదించారు. అందుకే తేలికైన హైడ్రోజన్‌కైనా బరువైన కార్బన్ డయాక్సైడ్‌కైనా 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం వద్ద ఒక మోల్‌కు సుమారు 22.4 లీటర్లే వస్తుంది. పీడనాన్ని 1 బార్‌గా తీసుకునే పుస్తకాల్లో అదే విలువ 22.7 లీటర్లుగా కనిపిస్తుంది. రెండూ సరైనవే, షరతులే వేరు. ఉష్ణోగ్రత మారితే దాన్ని కెల్విన్‌లలోకి మార్చి నిష్పత్తి కట్టాలి: 0 డిగ్రీలు అంటే 273 కెల్విన్‌లు, 27 డిగ్రీలు అంటే 300 కెల్విన్‌లు కాబట్టి, 1 అట్మాస్ఫియర్ వద్ద ఒక మోల్ వాయువు 22.4 × 300 ÷ 273, అంటే దాదాపు 24.6 లీటర్లను ఆక్రమిస్తుంది. ఈ విలువలేవీ ద్రవాలకు గానీ ఘనపదార్థాలకు గానీ పనికిరావు. ఒక మోల్ ద్రవరూప నీరు 18 గ్రాములు, అంటే సుమారు 18 మిల్లీలీటర్లు మాత్రమే.

నాలుగవ, ఐదవ మెట్లు: నిష్పత్తితో దాటి, అడిగిన ప్రమాణంలోకి రండి

5.4 గ్రాముల అల్యూమినియం కావలసినంత ఆమ్లంతో చర్య జరిపితే ఎంత హైడ్రోజన్ వస్తుంది? 5.4 ÷ 27 = 0.2 మోల్. రెండు మోల్‌ల లోహానికి మూడు మోల్‌ల వాయువు కాబట్టి 0.2 × 3 ÷ 2 = 0.3 మోల్. 0 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ వద్ద ఇది 0.3 × 22.4 = 6.72 లీటర్లు, ద్రవ్యరాశి కావాలంటే 0.3 × 2 = 0.6 గ్రాము.

25 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ను పూర్తిగా విఘటనం చెందేలా వేడి చేస్తే కాల్షియం ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి; ఈ మూడింటి మోల్‌ల నిష్పత్తి 1 : 1 : 1. అది 0.25 మోల్ కాబట్టి 0.25 × 56 = 14 గ్రాముల కాల్షియం ఆక్సైడ్, 0.25 × 44 = 11 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. రెండూ కలిపితే మళ్లీ 25 గ్రాములే. జవాబును సరిచూసుకోవడానికి ద్రవ్యనిత్యత్వ నియమం కన్నా నమ్మకమైన తోడు లేదు. ఒకవేళ నమూనా 80 శాతమే శుద్ధమైనదైతే, మొదట 25లో 80 శాతం, అంటే 20 గ్రాములు తీసుకుని అక్కడి నుంచి లెక్క ప్రారంభించాలి.

ఇచ్చినదీ అడిగినదీ రెండూ ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద ఉన్న వాయువులే అయితే దారి దగ్గరవుతుంది: గుణకాలే ఘనపరిమాణాల నిష్పత్తి. ఒక మోల్ మీథేన్ మండడానికి రెండు మోల్‌ల ఆక్సిజన్ కావాలి, ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది; కాబట్టి 10 లీటర్ల మీథేన్ పూర్తిగా మండడానికి 20 లీటర్ల ఆక్సిజన్ కావాలి, 10 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.

రెండు క్రియాజనకాల పరిమాణాలూ ఇచ్చినప్పుడు

ఇలాంటి లెక్కలో ఏది ముందుగా అయిపోతుందో తేల్చాలి. దాన్నే పరిమిత కారకం అంటారు. 10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడుతుందనుకోండి. తూకం చూస్తే హైడ్రోజనే చాలదనిపిస్తుంది. మోల్‌లు కడితే హైడ్రోజన్ 10 ÷ 2 = 5, ఆక్సిజన్ 64 ÷ 32 = 2. ఒక మోల్ ఆక్సిజన్‌కు రెండు మోల్‌ల హైడ్రోజన్ కావాలి కాబట్టి 2 మోల్‌ల ఆక్సిజన్‌కు 4 మోల్‌లు సరిపోతాయి. అంటే ముందుగా అయిపోయేది ఆక్సిజన్. 4 మోల్‌ల నీరు, అంటే 72 గ్రాములు ఏర్పడి, 1 మోల్ హైడ్రోజన్, అంటే 2 గ్రాములు మిగులుతాయి. తీసుకున్నది 74 గ్రాములు, చివరకు ఉన్నదీ 74 గ్రాములే.