షిప్పెక్కే ముందు ఏడంకెల నంబరు: ఇరాన్ ఆంక్షల ట్యాంకర్లను ఇంటి దగ్గరే పసిగట్టడం

సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఏటా ఎంతోమంది కుర్రాళ్లు ఫిట్టర్లుగా, ఆయిలర్లుగా, ఓఎస్‌లుగా (డెక్కు మీద పనిచేసే ఆర్డినరీ సీమెన్‌గా) షిప్పులెక్కుతారు. ఏజెంటు జీతం చెబుతాడు, టికెట్టు తేదీ చెబుతాడు. ఏ షిప్పు అని అడిగితే మాత్రం “దుబాయ్‌లో దిగాక తెలుస్తుంది” అంటాడు. ఆ జవాబు వస్తే అక్కడే ఆగాలి. ఇరాన్ చమురు మోసి అమెరికా ఆంక్షల జాబితాకెక్కిన ట్యాంకర్లకు మనుషుల్ని పంపేవాళ్లు ముందుగా షిప్పు వివరాలు చెప్పడానికి ఇష్టపడరు.

ఇరాన్ అణు గొడవకూ మన కుర్రాడి ఉద్యోగానికీ సంబంధం ఇదీ. కరెంటు తీసే మామూలు రియాక్టరుకు 3 నుంచి 5 శాతం వరకు శుద్ధి చేసిన యురేనియం చాలు, బాంబుకైతే దాదాపు 90 శాతం కావాలి. పెద్ద దేశాలతో చేసుకున్న 2015 అణు ఒప్పందం ఇరాన్‌ను 3.67 శాతం దగ్గర ఆపింది. 2018 మేలో అమెరికా ఆ ఒప్పందం నుంచి తప్పుకుని నవంబరుకల్లా చమురు ఆంక్షలు మళ్లీ పెట్టింది. 2021 ఏప్రిల్ నుంచి ఇరాన్ 60 శాతం దాకా వెళ్లింది. 2025 సెప్టెంబరు ఆఖరులో ఐక్యరాజ్యసమితి పాత ఆంక్షలు కూడా తిరిగొచ్చాయి, రష్యా, చైనా వాటిని ఒప్పుకోకపోయినా. ఇరాన్‌కు డబ్బు తెచ్చేది చమురు. చమురు మోసేది ట్యాంకరు. అందుకే దెబ్బ షిప్పు మీద పడుతుంది.

“అమెరికా ఆంక్షలు మనకు వర్తించవు” అని ఏజెంటు అనొచ్చు. భారత ప్రభుత్వం గుర్తించేది ఐక్యరాజ్యసమితి ఆంక్షలనే, ఆ మట్టుకు నిజమే. కానీ డాలర్లలో వచ్చే జీతం ఎక్కడో ఒకచోట అమెరికా బ్యాంకు గుండా తిరగాలి. బీమా కంపెనీ, పోర్టు, రేపు మీకు సీ-మ్యాన్ వీసా ఇవ్వాల్సిన కాన్సులేటు, అందరూ అమెరికా ఆంక్షల జాబితా చూసేవాళ్లే.

మొదట అడగాల్సింది ఐఎంవో నంబరు, అంటే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంవో) పద్ధతిలో షిప్పుకు ఉండే ఏడంకెల గుర్తింపు నంబరు. షిప్పు పేరుతో పని జరగదు. పేరూ జెండా రాత్రికి రాత్రి మారిపోతాయి, నంబరు మాత్రం బండి ఛాసిస్ నంబరులాగా తుక్కుకు పోయేదాకా అదే. ఏజెంటు నోటికొచ్చిన ఏడంకెలు చెప్పాడేమో కాగితం మీదే తేల్చుకోవచ్చు. మొదటి ఆరంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. మొత్తంలో చివరి అంకె, నంబరులోని ఏడో అంకె ఒకటే కావాలి. ఉదాహరణకు 9116412: 63, 6, 5, 24, 12, 2 కలిపితే 112. చివర 2, నంబరు చివరా 2. లెక్క కుదిరింది. కుదరకపోతే ఆ నంబరున్న షిప్పు లేనే లేదు. కుదిరినంత మాత్రాన అది మీరు ఎక్కబోయే షిప్పే అని కాదు, వేరే షిప్పు నంబరు ఎత్తి చెప్పినా లెక్క కుదురుతుంది.

పై నంబరు ఊరికే తీసుకున్నది కాదు. ఇరాన్ చమురుతో వెళ్తూ 2019 జులై 4న జిబ్రాల్టర్ దగ్గర పట్టుబడిన గ్రేస్ 1 ట్యాంకరుది. విడుదలయ్యేనాటికి దాని పేరు ఏడ్రియన్ దార్యా 1, జెండా పనామాది పోయి ఇరాన్‌ది. నంబరు మాత్రం మారలేదు. ఆ ఆగస్టు 30న అమెరికా షిప్పుతోపాటు దాని కెప్టెన్‌నూ జాబితాకెక్కించింది. కెప్టెన్ భారతీయుడు. మామూలు సిబ్బంది పేర్లు జాబితాలోకి ఎక్కడం అరుదు, కానీ పై ర్యాంకుకు వెళ్లాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

నంబరు చేతికొచ్చాక అమెరికా ట్రెజరీలో ఆంక్షలు చూసే విభాగం ఒఫాక్ వాళ్ల శాంక్షన్స్ సెర్చ్ పేజీ తెరవండి, డబ్బు కట్టక్కర్లేదు. ఐడీ అని ఉన్న గడిలో నంబరు కొట్టండి. ఏమీ రాకపోతే ముందు ఐఎంవో అని చేర్చి మళ్లీ కొట్టండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. షిప్పు పేరు జాబితాలో లేకపోయినా దాన్ని నడిపే కంపెనీ పేరు ఉండొచ్చు, కాబట్టి ఓనరునూ మేనేజరునూ కూడా వెతకాలి. ఆ పేర్లు ఎక్వాసిస్ అనే ఉచిత సైటులో దొరుకుతాయి. ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే చాలు.

ఎక్వాసిస్‌లో తొందరపడొద్దు, అసలు సంగతి అక్కడే ఉంటుంది. షిప్పు వయసు 20 ఏళ్లు దాటిందా? రెండు మూడేళ్లలో జెండా పదేపదే మారిందా? ఓనరు కంపెనీకి ఈ ఒక్క షిప్పే ఉండి, అదీ ఈ మధ్యే చేతికొచ్చిందా? షిప్పు పటిష్ఠత తనిఖీ చేసే క్లాస్ సొసైటీ దగ్గర ‘విత్‌డ్రాన్’ (ఉపసంహరించారు) అని ఉందా? పీ అండ్ ఐ బీమా (సిబ్బందికి, ఇతరులకు జరిగే నష్టానికి ఓనరు కట్టే బీమా) గడి ఖాళీగా ఉందా? వీటిలో ఒకటి ఉంటే అనుమానించండి, మూడుంటే వదిలేయండి. బీమా సంగతి మరీ ముఖ్యం. ప్రపంచ సముద్ర రవాణాలో దాదాపు 90 శాతం టన్నేజీకి బీమా ఇచ్చేది ఇంటర్నేషనల్ గ్రూపులోని 12 క్లబ్బులు, అంటే ఓనర్లు కలిసి నడిపే బీమా సంఘాలు. ఆంక్షలున్న షిప్పును అవి దగ్గరకు రానివ్వవు. అలాంటి షిప్పులో చెయ్యి విరిగినా ప్రాణం పోయినా ఇంటివాళ్లు పరిహారం ఎవర్నడగాలో తెలియని పరిస్థితి.

జెండా నిజమైనదేనా అన్నది ఐఎంవో వాళ్ల జిసిస్ సైటులో తేలుతుంది. అక్కడ దేశం పేరు పక్కన ‘ఫాల్స్’ అని ఉంటే ఆ దేశం ఆ షిప్పును రిజిస్టరు చేయలేదన్నమాట, అంటే మీ తరఫున మాట్లాడే ప్రభుత్వమే ఉండదు. షిప్పు ఎక్కడ తిరిగిందో చూపించే ట్రాకింగ్ సైట్లు కూడా చూడండి కానీ వాటినే నమ్ముకోవద్దు. సిగ్నల్ కొన్ని రోజులు మాయమైతే ఏఐఎస్ (షిప్పు ఎక్కడుందో చెప్పే సిగ్నల్ పరికరం) ఆపేశారని అనుమానించొచ్చు. అయితే గల్ఫ్‌లో జీపీఎస్ జామింగ్ ఉంటుంది, ఉచిత సైట్లకు తీరానికి దూరంగా సిగ్నల్ అందదు. ఒమన్ గల్ఫ్‌లో మాయమై, తర్వాత మలేసియా తూర్పు తీరం దగ్గర ఇంకో ట్యాంకరు పక్కన తేలితే మాత్రం అర్థం వేరే: సముద్రం మీదే చమురు దానిలోకి మార్చి ఉండొచ్చు.

ఇక ఏజెంటు. కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగమైన డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు (షిప్పు ఉద్యోగాలకు మనుషుల్ని పంపే అనుమతి) లేనివాడు షిప్పులోకి మనిషిని పంపకూడదు. లైసెన్సు నంబరు ఇచ్చినా డీజీ షిప్పింగ్ సైటులో చూసి, అక్కడున్న ఫోన్ నంబరుకే చేయండి. ఏజెంటు పంపిన లెటర్‌హెడ్ మీది నంబరుకు చేస్తే అతని మనిషే ఎత్తుతాడు. అసలు కంపెనీ పేరు వాడుకుని దొంగ లెటర్లు కొట్టడం పాత పద్ధతే. మెడికల్, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టు ఖర్చులు తప్ప ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర పైసా తీసుకోకూడదు. జీడితోట తాకట్టు పెట్టి లక్షలు చేతిలో పోయమన్నాడంటే, లైసెన్సు చూడకుండానే విషయం తెలిసిపోతుంది.

ఒప్పందం ఇంటి దగ్గరే చదవండి. షిప్పు పేరు, ఐఎంవో నంబరు, ఓనరు, జీతం వచ్చే బ్యాంకు, ఎక్కే పోర్టు ఉండాలి. విజిట్ వీసా మీద పంపుతున్నా, కాగితంలో ఒక పోర్టు రాసి టికెట్టు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కో అసలూయేకో తీసినా వెళ్లొద్దు. “జీతం ఇంటికి మనిషి తెచ్చిస్తాడు” అంటే అది హవాలా, దొరికితే ఇబ్బంది మీ ఇంటివాళ్లకు. లైసెన్సున్న ఏజెంటు మీరు షిప్పెక్కినట్టు డీజీ షిప్పింగ్ సిస్టమ్‌లో నమోదు చేయాలి. అది లేకపోతే సీ-టైమ్ (షిప్పులో చేసిన సర్వీసు) లెక్కకు రాక, చేసిన నెలలు పరీక్షలప్పుడు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.

అప్పటికే ఎక్కేసి ఉంటే గొడవపడొద్దు. ఒప్పందం, క్రూ లిస్టు, పాస్‌పోర్టు, బ్రిడ్జి దగ్గరున్న ఐఎంవో నంబరు ఫొటోలు తీసి ఇంటికి పంపండి. ఏఐఎస్ ఆపిన రోజు, షిప్పు మీద పేరు చెరిపి కొత్త పేరు రాసిన రోజు తేదీ, టైము సొంత పుస్తకంలో రాసుకోండి. కొత్త కాగితం మీద సంతకం పెట్టమంటే కాపీ అడగండి. రెండు నెలల జీతం ఆగితే అంతర్జాతీయ నియమాల ప్రకారం మిమ్మల్ని ‘వదిలేసినట్టు’ లెక్క. సరైన బీమా ఉన్న షిప్పయితే నాలుగు నెలల బకాయి వరకు, ఇంటికి చేర్చే ఖర్చూ బీమా సంస్థే ఇవ్వాలి. దాని సర్టిఫికెట్టు షిప్పులో అందరికీ కనిపించేచోట అంటించి ఉండాలి, ఫొటో తీయండి. ఫిర్యాదు డీజీ షిప్పింగ్‌కు, ఐటీఎఫ్‌కు (అంతర్జాతీయ రవాణా కార్మికుల సంఘం), ఆ దేశంలోని మన ఎంబసీకి ఒకేరోజు వెళ్లాలి. ఇంటి దగ్గరివాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నమోదు చేసి, ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ హెల్ప్‌లైన్‌కు చెప్పి, కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. అన్నిచోట్లా షిప్పు పేరు కంటే ముందు ఐఎంవో నంబరే రాయండి, అర్జీ ఢిల్లీ చేరేలోపు పేరు మారిపోయి ఉండొచ్చు.