డైలీ సీరియల్‌లో కొత్త నటి: ఆడిషన్ నుంచి లీప్ దాకా

డైలీ సీరియల్‌కి నటి ముందు ఇచ్చేది తేదీలు, ఆ తర్వాతే నటన. సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే సీరియల్‌కి నెలకి 25, 26 ఎపిసోడ్లు కావాలి. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా కథ 20 నుంచి 22 నిమిషాలు నడవాలి. ఇదంతా నెలలో కొద్ది రోజుల షెడ్యూళ్లలోనే తీసేయాలి. అందుకే బ్రహ్మాండంగా నటించి డేట్లు ఎగ్గొట్టే అమ్మాయి కంటే, ఓ మాదిరిగా చేసినా చెప్పిన టైముకి మేకప్ కుర్చీలో కూర్చునే అమ్మాయికే రెండో సీరియల్ తొందరగా దొరుకుతుంది.

ఆడిషన్ వీడియో

ఫోన్‌ని అడ్డంగా, కంటి ఎత్తులో పెట్టండి. వెనక ఏమీ లేని గోడ, ఎదురుగా కిటికీ వెలుతురు ఉంటే చాలు. ఫ్యాను ఆపేయండి, బ్యూటీ ఫిల్టర్ తీసేయండి. ముందు 20, 30 సెకన్లలో పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పి, కుడి ఎడమ ప్రొఫైల్ చూపించండి. పరిచయం చెప్పేటప్పుడు లెన్స్‌లోకి చూడాలి. సీన్ చేసేటప్పుడు లెన్స్ పక్కన ఒక జానెడు దూరంలో ఎవరో నిలబడ్డట్టు చూడాలి. సీన్ ఒక నిమిషం దాటనివ్వొద్దు, అందులో భావం ఒక్కసారైనా మారాలి. మూడు నిమిషాలూ ఏడ్చే వీడియోలు చాలా వస్తుంటాయి, వాటిని సగం కూడా చూడరు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోలు ఐదారు చాలు: క్లోజ్ (ముఖం), మిడ్ (నడుము దాకా), ఫుల్ (నిలువెత్తు), అందులో ఒకటి చీరలో, ఒకటి అసలు మేకప్ లేకుండా.

రిజిస్ట్రేషన్ అనీ, పోర్ట్‌ఫోలియో అనీ, ఆర్టిస్ట్ కార్డు ఇప్పిస్తామనీ పాత్ర చూపించి డబ్బులడిగితే అక్కడితో ఆపేయండి. పాత్ర ఇచ్చేవాళ్లు మీకు డబ్బివ్వాలి గానీ మీ దగ్గర తీసుకోరు. పాత్రలు కుదిర్చే కోఆర్డినేటర్ కమీషన్ వేరే సంగతి. అది మీకు డబ్బు వచ్చాక ఇచ్చేది. ఎంత శాతం, మొదటి కొన్ని నెలలకేనా, సీరియల్ ఉన్నన్నాళ్లా అన్నది ముందే మెసేజ్‌లో రాయించుకోండి.

అగ్రిమెంట్

పారితోషికం రోజు లెక్కన మాట్లాడతారు. కొత్తవాళ్లు ఆ అంకె చూసి సంబరపడి, నెలకి కనీసం ఎన్ని రోజులన్నది అడగడం మర్చిపోతారు. కథ మీ పాత్ర మీంచి పక్కకి జరిగితే పన్నెండు రోజులు నాలుగు రోజులవుతాయి. వేరే ఛానల్లో చేయకూడదన్న షరతు మాత్రం అలాగే ఉంటుంది. ఈ రెండిటినీ కలిపి చదవండి. రోజంటే ఎన్ని గంటలు, బండి ఎవరు పంపిస్తారు, సంక్రాంతి, దసరా ఈవెంట్లకి విడిగా ఇస్తారా, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. డబ్బు రెండు మూడు నెలలు ఆగి రావడం టీవీలో కొత్తేమీ కాదు, కాబట్టి మొదటి మూడు నెలల అద్దె, తిండి ఖర్చు చేతిలో పెట్టుకునే దిగండి. మామూలుగా 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20. కోసింది మీ పాన్ మీద జమైందో లేదో ఆదాయపు పన్ను సైట్‌లో చూసుకోవాలి. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ కూడా.

పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారో చేరిన మొదటి వారమే కనుక్కోండి. అవసరం పడ్డాక వెతికితే ఆలస్యమవుతుంది. కమిటీ లేకపోతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లొచ్చు.

చీరలు, కంటిన్యుటీ

కంటిన్యుటీ అంటే కథలో ఒకే రోజు జరిగే సీన్లన్నిట్లో చీర, నగలు, బొట్టు మారకుండా చూసుకోవడం. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. చాలా సీరియళ్లలో చీరలు, జాకెట్లు, నగలు నటే తెచ్చుకోవాలి. కథలో ఒక్క రాత్రి పది ఎపిసోడ్లు సాగుతుంది. ఆ రాత్రి హాలు సీన్లు ఈ షెడ్యూల్లో, గుడి సీన్లు వచ్చే షెడ్యూల్లో తీస్తారు. ఈలోగా ఆ చీర ఉతికి రంగు దిగినా, పిన్నితో పెళ్లికి వెళ్లినా అయిపోయినట్టే. ప్రసారంలో గుమ్మం దాటేసరికి చీర రంగు మారిపోతుంది, ఇంట్లో చూసేవాళ్లు మొదట పట్టేది అదే.

అసిస్టెంట్ డైరెక్టర్ రాసుకుంటాడు కదా అని వదిలేయకండి. ఫోన్‌లో కథలోని రోజుకొక ఆల్బమ్ పెట్టి, ప్రతి సీన్‌కీ ముందు, వెనక, రెండు పక్కల ఫొటో తీయించుకోండి. సీన్ నంబరు, బొట్టు సైజు, జడా ముడా, పూలు ఎంత పొడవు, గాజులు ఏ చేతికి ఎన్ని, పైట ఒంటి పొరా కుచ్చిళ్లా, అన్నీ రాయండి. ఆ కథారోజు పూర్తయ్యేదాకా ఆ చీరని విడిగా ఒక కవర్లో పెట్టి పైన సీన్ నంబర్లు అంటించండి. ఎక్కువ వాడే జాకెట్లు రెండేసి కుట్టించుకోవాలి, లైట్ల కింద చెమటకి ఒకటి మధ్యాహ్నానికే తడిసిపోతుంది. మొదట్లో 15 చీరలుంటే జాకెట్లు మార్చి మార్చి నెట్టుకురావొచ్చు. సన్నటి దగ్గర దగ్గర గీతల చీరలు కొనొద్దు, తెర మీద ఆ గీతలు పురుగులు పాకినట్టు కదులుతాయి. తెల్లవి కూడా తగ్గించండి.

కెమెరా ముందు

మన సీరియళ్లలో ప్రాంప్టింగ్ మామూలే. అసిస్టెంట్ డైలాగు చదువుతుంటే వింటూ చెప్పాలి. అతను ముగించాక ఒక్క క్షణం ఆగి అందుకుంటే ఆలోచించి మాట్లాడినట్టుంటుంది. వెంటనే అందుకుంటే గొంతులు కలిసిపోతాయి, పైగా కళ్లు అతని వైపు లాగుతాయి. సొంతంగా మాటలు కలపకండి, తర్వాత డబ్బింగ్‌లో పెదవి కుదరక మీ మాటకే కత్తెర పడుతుంది.

డబ్బింగ్ ఉంది గనకే తెలుగు రాకపోవడం ఇక్కడ అడ్డంకి కాదు. మలయాళీ అయిన ప్రేమి విశ్వనాథ్ తన భాషలో ‘కరుత్తముత్తు’లో చేసిన పాత్రనే ‘కార్తీక దీపం’లో వంటలక్కగా చేసి తెలుగిళ్లన్నిటికీ తెలిసింది. కన్నడ సీమ నుంచి వచ్చినవాళ్లయితే లెక్కే లేదు. కాబట్టి తెలుగమ్మాయినన్న ధీమా ఒక్కటే చాలదు. మీ గొంతు మీరే చెప్పుకోగలిగితేనే లాభం. రోజూ పావుగంట పేపరు పైకి చదువుతూ ల, ళ తేడా, శ, స తేడా సరిచూసుకోండి. డబ్బింగ్‌కి విడిగా ఎంతిస్తారో అడగండి.

ముందు మాస్టర్ షాట్ (సీన్‌లో అందరూ కనపడేది), తర్వాత సజెషన్లు (ఎదుటివాళ్ల భుజం మీంచి తీసేవి), చివర్న క్లోజులు తీస్తారు. మాస్టర్‌లోనే కన్నీళ్లన్నీ కార్చేస్తే క్లోజుకి ముఖం ఉబ్బి, కళ్లు ఎండిపోతాయి. మాస్టర్‌లో సగం బలం దాచుకోండి. గ్లిసరిన్ కంటి కింద రాయాలి, కంట్లో వేయకూడదు. కాంటాక్ట్ లెన్సులుంటే ముందే తీసేయండి. ఎపిసోడ్ చివరి రియాక్షన్‌కి కట్ అనేదాకా రెప్ప వేయకుండా భావం పట్టి ఉంచాలి. ఏడెనిమిది సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. మూడోదానికే ముఖం వదిలేస్తే ఎడిటర్ పక్కనున్నవాళ్ల రియాక్షన్‌తో ముగించేస్తాడు.

లీప్ వస్తే

గురువారం టీఆర్పీలు వస్తాయి. వరసగా కొన్ని వారాలు పడితే కథ మలుపు తిరుగుతుంది, లేదా స్లాట్ మధ్యాహ్నానికి జరుగుతుంది, లేదా కథని ఏకంగా కొన్నేళ్లు ముందుకి దాటించేస్తారు, దాన్నే లీప్ అంటారు. లీప్ పడితే పాతికేళ్ల నటికి ఎదిగిన కూతురుంటుంది. ఒకసారి తల్లిగా తల నెరిపించుకుంటే తర్వాత వచ్చే ఫోన్లన్నీ తల్లి, వదిన, అత్త పాత్రలకే. పనిరోజులు ఎక్కువుంటాయి గనక అది తప్పేమీ కాదు. కాకపోతే తెలిసి ఒప్పుకోవాలి. లీప్ వస్తే కొనసాగడమా మానడమా అన్నది మీ ఇష్టమేనని, మానితే బకాయి ఎన్ని రోజుల్లో ఇస్తారో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. మాన్పించాక రాయమంటే ఎవరూ రాయరు.