ఫ్లష్ డ్రా పిచ్చి ఎలా వదిలిందంటే

మన ఏపీలో 2020 నుంచే డబ్బుతో ఆన్‌లైన్ పోకర్ బంద్ కదా, అందుకే నేను ఆడేది ఉత్త ఫ్రీ చిప్స్‌తోనే, అయినా 10,000 చిప్స్ వారంలో ఊడ్చుకుపోయేవి, చాలా బాధేసేది. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతూ మా బావకి నేను ఆడిన ఒక హ్యాండ్ (ఒక రౌండ్ ఆట) చూపించా. టర్న్ (టేబుల్ మీద నాలుగో కార్డు) అయ్యాక నాది ఫ్లష్ డ్రా, అంటే ఒకే గుర్తువి నాలుగున్నాయి, ఐదోది పడాలి. పాట్‌లో (మధ్యలో పోగైన చిప్స్) 100, అవతలోడు ఇంకో 100 వేశాడు, నేనూ 100 వేసి కాల్ కొట్టేశా. బావ గ్లాసు పక్కనెట్టి "ఏటి బావా ఇది, కనిపించని కార్డులు 46, నీకు పనికొచ్చేవి 9, 20 శాతం కూడా లేదు, నీదీ కలిపి 300 కోసం 100 పెడతన్నావంటే 33 శాతం ఉండాలి కదా" అన్నాడు. రివర్‌లో (ఆఖరి కార్డు పడ్డాక) వాడు ఇంకా గట్టిగా కడతాడని నమ్మకముంటే వేరే లెక్క అనుకోండి. అప్పట్నుంచి రోజూ రాత్రి ఇద్దరం ఓడిన హ్యాండ్లే నోట్‌బుక్‌లో రాసుకుని ఒక్కోటి తేల్చుకుంటాం, టేబుల్‌కి 500 చిప్స్ మించి పట్టుకెళ్లను. మూడు నెలలైంది, అవే చిప్స్ ఇంకా ఉన్నాయి.