విశాఖ డాబాకు తగిన తోట యాప్‌ను ఎలా రూపొందించాలి

ఇంటి అవసరాలకు కూరగాయలు పండించుకోవాలనుకునే కొత్తవారి కోసం యాప్ తయారుచేసేవారు చాలావరకు పంటల జాబితాతో పని మొదలుపెడతారు, కానీ మొదలుపెట్టవలసింది డాబాతో. చలిదేశాల్లో తయారైన తోట యాప్‌లు మొదటి తెరలోనే మీ ఊళ్లో మంచు గడ్డకట్టే చివరి తేదీ ఏదని అడుగుతాయి. విశాఖపట్నంలో అలాంటి తేదీయే ఉండదు. ఇక్కడ విత్తే కాలాన్ని నిర్ణయించేవి మే నెల ఎండ, జూన్‌లో మొదలయ్యే నైరుతి వానలు, అక్టోబరు, నవంబరు నెలల తుపాన్లు, సముద్రం మీదుగా వచ్చే ఉప్పుగాలి. సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని లంబసింగిలో శీతకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది కాబట్టి, రాష్ట్రమంతటికీ ఒకే పంటల క్యాలెండర్ సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే.

అందుచేత యాప్ మొదట నాలుగు ప్రశ్నలు మాత్రమే అడగాలి. బీచ్ రోడ్డు వైపా, సీతమ్మధారా, గాజువాకా, పెందుర్తా అని ప్రాంతాన్ని ఎంచుకోమంటే చాలు. జీపీఎస్ అనుమతి, ఫోన్ నంబరు అక్కర్లేదు. ఎండ ఎన్ని గంటలు పడుతుందని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు కనుక, ఉదయం 9 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 4 గంటలకు మీరు కుండీలు పెట్టదలచిన చోట నీడ ఉందా అని అడగడం మేలు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్నది మూడో ప్రశ్న. నాలుగోది డాబా సొంతమా, అపార్ట్‌మెంట్‌లో అందరిదా అన్నది. అందరిదైతే సంఘం అనుమతి తీసుకొమ్మని యాప్ అక్కడే చెప్పాలి. తడిసిన ఎర్రమట్టితో నిండిన 40 లీటర్ల తొట్టి 60 కిలోలు దాటుతుంది కాబట్టి, తొట్లను స్లాబు మధ్యలో గుంపుగా పెట్టకుండా గోడలు, దూలాలు ఉన్న వైపుగా పేర్చుకోవాలని, మట్టిలో కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి బరువు తగ్గించుకోవాలని బొమ్మతో సహా చూపాలి. ఎర్రమట్టి కావాలనగానే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు గుర్తుకు రావచ్చు. అవి రక్షించుకోవలసిన భౌగోళిక వారసత్వం కనుక, అక్కడి మట్టిని ముట్టుకోకూడదన్న ఒక్క వాక్యం యాప్‌లో ఉండటం మంచిది.

తరువాత పంటలు. తొలి విడుదలలో ఎనిమిదికి మించి ఉండకూడదని నా అభిప్రాయం. తోటకూర, మెంతికూర 25 నుంచి 30 రోజుల్లో కోతకు వస్తాయి, వాటికి ఆరంగుళాల లోతున్న తొట్టి సరిపోతుంది. బెండ తొలి కాయకు 45 నుంచి 50 రోజులు పడుతుంది, అడుగు లోతైనా కావాలి. కొత్తవారు అన్నిటికంటే ముందు టమాటానే కోరుకుంటారు, కానీ ఒక ఆకుకూర కోసి వండుకునేదాకా దాన్ని చూపకపోవడమే వారికి చేసే మేలు. ప్రతి పంటకూ ఒకే రోజుల సంఖ్య కాకుండా కనిష్ఠ, గరిష్ఠ సంఖ్యలు రెండూ నమోదు చేయాలి. విత్తే సమయాన్ని నెలతో పాటు కార్తెతోనూ చూపితే, జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిర అనగానే ఇంట్లోని పెద్దవారు తమ అనుభవాన్ని తామే జోడిస్తారు.

యాప్ తెరిచే మనిషి ఎండలో, మట్టిచేతులతో ఉంటాడన్నది మరచిపోకూడదు. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు ఆరుబయట సరిగ్గా కనిపించవు. తెల్లని తెర, ముదురు అక్షరాలు, బొటనవేలితో నొక్కగలిగేంత బటన్లు, మాటతో నమోదు చేసే వీలు అవసరం. తెలుగులో వత్తులు కింది వరుసను తాకుతాయి కనుక వరుసల మధ్య దూరం ఇంగ్లీషు కంటే ఎక్కువ ఉంచి, వర్మీకంపోస్ట్, మొక్కజొన్న వంటి మాటలతో ప్రతి తెరనూ పరీక్షించాలి.

నీళ్లు పోయండి అని రోజూ ఒకే వేళకు గుర్తుచేయడం మొక్కను చంపడానికి దగ్గరి దారి, ఎందుకంటే ఈ ఊరి తేమగాలిలో వేళ్లు కుళ్లడానికి అతినీరే ముఖ్య కారణం. మట్టిలో రెండు కణుపుల లోతు వేలు పెట్టి చూడమని చెప్పి, తడిగా ఉందన్న జవాబు వస్తే తదుపరి సూచనను వాయిదా వేయాలి. వానాకాలంలో ఈ సూచనలు దాదాపు ఆగిపోవాలి. తుపాను హెచ్చరిక మాత్రం వేరే స్థాయిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు కరెంటు, ఫోన్ సిగ్నళ్లు రెండూ పోయిన ఊరు ఇది; కాబట్టి పంటల వివరాలన్నీ ఫోన్‌లోనే భద్రపరచి, నెట్ లేకున్నా తెరుచుకునేలా కట్టాలి. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటన వెలువడగానే పిట్టగోడ మీది కుండీలు దించమని, పందిరికి కట్టిన నీడవల విప్పమని, గాలి తగ్గాక ఆకుల మీది ఉప్పును మంచినీటితో కడగమని యాప్ వరుసగా చెప్పాలి.

తెగుళ్ల విషయంలో ఒక్క ఫొటో చూసి పేరు చెప్పేసే సదుపాయం ఆకర్షణీయంగా ఉంటుంది, కానీ అది తప్పు చెప్పినప్పుడు నష్టపోయేది కొత్తవారే. ఆకు కింది వైపు చూడండి, తెల్లని దూదిలా ఉందా, ముట్టుకోగానే చిన్న తెల్ల పురుగులు ఎగిరాయా అని అడిగి పిండినల్లినీ తెల్లదోమనూ వేరుచేయడం నమ్మదగిన పద్ధతి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లమనడం వరకే యాప్ పరిమితం కావాలి. రసాయన మందుల పేర్లు అందులో ఉండకూడదు. బెండకు పల్లాకు తెగులు సోకితే మందు లేదు, పీకేయడమే మార్గమని నిస్సంకోచంగా రాయాలి. అలా పోయిన మొక్కను నమోదు చేసే బటన్‌ను కూడా స్పష్టంగా కనిపించే చోట పెట్టి, కారణం అడిగి, వెంటనే మళ్లీ విత్తుకోగల పంటను సూచించాలి.

కోడ్ రాయకముందే ఈ తెరలను కాగితం మీద గీసి, ఎన్నడూ మొక్క పెంచని ఐదారుగురిచేత ఉదయం ఆరున్నరకు వారి డాబా మీదే వాడించి చూడాలి. వారు ఎక్కడ ఆగి ఆలోచిస్తున్నారో అక్కడ వాక్యం మార్చాలి, మనం వివరించకూడదు. ఆకుకూర కోతకు వచ్చాక కూడా కొన్నాళ్లు, మొత్తం కనీసం ఆరు వారాలు ఈ పరీక్ష సాగాలి కాబట్టి, తుపాన్ల ఉధృతి తగ్గే నవంబరు చివరి వారంలో దీన్ని ప్రారంభించడం అనుకూలం. సంక్రాంతి నాటికి ఎవరి తొట్టిలో తోటకూర కోతకొచ్చిందో, ఎవరు మధ్యలో ఈ కాగితపు తెరలను చూడటం మానేశారో తెలిసిపోతుంది.