ఎడమ పెడల్ అడ్డం తిరిగితే

విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఉంటాం. ఉప్పుగాలికి ఇక్కడ పెడల్ మరలు తుప్పుపట్టి క్రాంక్‌ని, అంటే పెడల్ బిగించే చేయిలాంటి కడ్డీని, కరిచిపట్టుకుంటాయి. ఆన్‌లైన్లో కొన్న సైకిళ్లకేమో పెడళ్లు విడిగా వస్తాయి, మనమే బిగించుకోవాలి. అందుకే మా పార్కింగ్‌లో ఎవరో ఒకరు పానా పట్టుకుని నన్ను పిలుస్తూనే ఉంటారు.

కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమదానిది రివర్స్. తొక్కుతుంటే దానంతటది వదులవకుండా అలా పెట్టారు. గడియారం ముళ్ల లెక్క వద్దు, వంగి పానా పెట్టేసరికి బుర్ర తికమకపడుతుంది. క్రాంక్‌ని ముందు చక్రం వైపు అడ్డంగా నిలపండి. పెడల్ ఇరుసుకి పానా తగిలించి, పిడి వెనక చక్రం వైపు ఉండేలా క్రాంక్ వెంబడే ఆనించి, కిందికి నొక్కండి. ఏ పక్కదైనా ఇలాగే ఊడుతుంది. వెనక బ్రేక్ ఎవరైనా పట్టుకుంటే సైకిల్ కదలదు. గేర్ల సైకిలైతే చైన్‌ని క్రాంక్ దగ్గరున్న పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కించండి, పళ్లు కప్పి ఉంటాయి. లేకపోతే పానా జారినప్పుడు వేళ్లు ఆ పళ్లకే తగులుతాయి మరి.

చాలా పెడళ్లకి 15 నంబర్ పానా సరిపోతుంది. మామూలు 14-15 పానా మందంగా ఉండి సందులో దూరకపోతే, పల్చటి పెడల్ పానా కొనాల్సిందే. కొన్నిటికి పానా పట్టే చోటే ఉండదు. క్రాంక్ లోపలి వైపు నుంచి 6 లేదా 8 ఎంఎం అలెన్ కీ (ఆరు పలకల వంపు కడ్డీ) పెట్టాలి. అప్పుడూ పిడి వెనక్కే, నొక్కుడు కిందికే.

మొండికేస్తే తుప్పు వదిలించే స్ప్రే క్రాంక్ వెనక నుంచి మర మీద కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పానా పిడికి జీఐ పైపు ముక్క తొడిగి నొక్కితే ఒక్కసారి టక్కుమంటుంది. ఆ తర్వాత చేత్తోనే వచ్చేస్తుంది.

బిగించేటప్పుడే అసలు జాగ్రత్త. ఇరుసు మీద ఎల్, ఆర్ అక్షరాలు చూడండి. ఎల్ ఎడమకి, ఆర్ కుడికి. పక్క ఫ్లాట్ అబ్బాయి కుడిది ఎడమకి పెట్టి పానాతో బలవంతంగా తిప్పాడు. క్రాంక్ అల్యూమినియం, ఇరుసు ఉక్కు. రంధ్రంలోంచి మెరిసే సన్నటి పొట్టు రాలింది, క్రాంక్ మార్చాల్సొచ్చింది. కాబట్టి పాత గ్రీజు, ఇసుక తుడిచేసి, మరలకి కొత్త గ్రీజు రాసి, ముందు వేళ్లతోనే ఎక్కించండి. మూడు నాలుగు చుట్లు సాఫీగా వెళ్తే సరే. పట్టేస్తే వెంటనే విప్పి, తిన్నగా పెట్టి మళ్లీ మొదలెట్టండి.

వేళ్లతో ఎక్కాక పానా అందుకోండి. ఈసారి పిడిని పైకి లాగాలి. ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే పానా, అదే టార్క్ రెంచ్ ఉంటే 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు. లేకపోతే చేతి బలం చాలు, పైపు ముక్క జోలికి పోవద్దు. మొదటిసారి తొక్కొచ్చాక ఇంకోసారి పానా వేసి చూడండి.

కొత్త పెడళ్లు కొనడానికి వెళ్తే పాతది ఒకటి జేబులో వేసుకెళ్లండి. పెద్దల సైకిళ్లకి ఎక్కువగా 9/16 అంగుళాల మర ఉంటుంది. పిల్లల సైకిళ్లలో ఒకే కడ్డీ వంచి చేసిన క్రాంక్ ఉంటే సాధారణంగా 1/2 అంగుళమే.