రాగి రేకు నుంచి జింక్-63: బీమ్‌టైమ్‌కు బయల్దేరే ముందు, వెళ్ళాక

యాక్సిలరేటర్‌తో ఓ కేంద్రకాన్ని పుట్టించి, అది పోయేలోగా కొలవడం నేర్చుకోవాలంటే రాగితో మొదలుపెట్టండి. రాగి-63 ప్రోటాన్‌ను మింగి న్యూట్రాన్‌ను వదిలితే జింక్-63 వస్తుంది. దీని అర్ధాయువు (ఉన్నవాటిలో సగం తరిగిపోయే కాలం) 38.5 నిమిషాలు. ప్రోటాన్‌కు కనీసం 4.2 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తి ఉండాలి. 8 అడగండి, అంటే టాండెమ్ (ఒకే వోల్టేజీని రెండుసార్లు వాడుకునే యాక్సిలరేటర్) టెర్మినల్ మీద 4 మిలియన్ వోల్టులు. 8.8 దాటితే 9.7 నిమిషాల రాగి-62 కూడా మొదలై లెక్కలో కలిసిపోతుంది.

బీమ్ కోసం, అంటే యాక్సిలరేటర్ ఇచ్చే ప్రోటాన్ల ధార కోసం, ముంబైకో ఢిల్లీకో పోవాల్సిందే గానీ, ఎస్వీ యూనివర్సిటీలో ఉన్నా, ఐజర్‌లో ఉన్నా రేకు పని మాత్రం తిరుపతిలోనే ముగించుకోండి. 10 మైక్రాన్ల రేకు చాలు. 8 ఎంఈవీ ప్రోటాన్ అందులో పావు ఎంఈవీ మాత్రమే పోగొట్టుకుంటుంది. సెంటీమీటర్ చదరం ముక్క బరువు 9 మిల్లీగ్రాములే, 0.1 మి.గ్రా. తేడా వచ్చినా మందంలో ఒక శాతం పోయినట్టే. అందుకే 3 సెం.మీ. చదరం ముక్కను తూచి (సుమారు 81 మి.గ్రా.) ఆ తర్వాత కోయండి. ముందు అసిటోన్‌తో తుడవాలి, పట్టకారుతోనే పట్టుకోవాలి. మన మే నెల చెమట వేలిముద్ర కూడా తూకంలోకి వస్తుంది. దీపానికి అడ్డంపెట్టి చూస్తే చిల్లులు తెలిసిపోతాయి.

బీమ్‌లో 40 నిమిషాలు పెడితే గరిష్ఠంలో సగం తయారవుతుంది, 80 నిమిషాలకు ముప్పావు. ఇంకా పెట్టినా పెద్దగా లాభం లేదు. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది కరెంట్ దగ్గర: మొత్తం ఛార్జ్ ఒక్కటే రాసుకుంటారు. మధ్యలో బీమ్ పది నిమిషాలు ఆగితే అప్పటికి పుట్టినవి ఆ పది నిమిషాలూ తరుగుతూనే ఉంటాయి. నిమిషానికోసారి కరెంట్ రాయండి. ఫారడే కప్పు (బీమ్ ఛార్జ్‌ను పట్టి కరెంట్ కొలిచేది) ముందు రుణ వోల్టేజీ లేకపోతే ఎలక్ట్రాన్లు బయటికి ఎగిరి కరెంట్ ఎక్కువ చూపిస్తుంది, క్రాస్‌సెక్షన్ (ప్రోటాన్ తగిలి రాగి-63 జింక్-63గా మారే అవకాశానికి కొలత) తక్కువ వస్తుంది.

బీమ్ ఆపిన క్షణాన్ని సెకన్లతో సహా రాసుకోండి. రేడియేషన్ భద్రతవాళ్ళు సరేనన్నాకే రేకు తీయాలి. జెర్మేనియం డిటెక్టర్‌కు 15 సెం.మీ. దూరంలో పెట్టి, ఐదేసి నిమిషాల స్పెక్ట్రమ్‌లు (ఏ శక్తి గామాలు ఎన్ని వచ్చాయో చూపే పటాలు) రెండున్నర గంటలపాటు తీయండి. డెడ్‌టైమ్ (ఒక గామాను నమోదు చేస్తూ డిటెక్టర్ తర్వాతిదాన్ని తీసుకోలేని సమయం) 10 శాతం దాటితే ఇంకా దూరం జరపండి. యూరోపియం-152 క్యాలిబ్రేషన్ (తెలిసిన మూలంతో డిటెక్టర్‌ను సరిచూడడం) కూడా అదే దూరంలో చేయాలి.

511 కేఈవీ (ఎంఈవీలో వెయ్యో వంతు ఒక కేఈవీ) శిఖరం పెద్దదిగా ఊరిస్తుంది, దాని జోలికి పోవద్దు. జింక్-63 వదిలే పాజిట్రాన్లు (ధన ఛార్జ్ ఉన్న ఎలక్ట్రాన్లు) అంత పలచని రేకులో ఆగవు. బయట ఎక్కడో ఎలక్ట్రాన్‌కు తగిలి 511 ఇస్తాయి, ఆ దూరానికి మీ దగ్గర లెక్క ఉండదు. 670, 962 కేఈవీ గామాలనే లెక్కించండి. సోడియం అయొడైడ్ డిటెక్టరే ఉంటే బల్లమీది సీజియం-137ను ముందు గదిలోంచి తీసేయండి. దాని 662 మీ 670లో కలిసిపోతుంది, వచ్చే అర్ధాయువు ఎంతకీ 38.5కు దిగదు.

1115 కేఈవీ దగ్గర కనిపించే చిన్న శిఖరం రాగి-65 నుంచి పుట్టిన జింక్-65. దాని అర్ధాయువు 244 రోజులు, కాబట్టి పని అయ్యాక కూడా రేకును చెత్తలో వేయకూడదు, సీసపు పెట్టెలోనే ఉండాలి.