ఊరి వనరుల లెక్క – 4వ పాఠం: బోరు అంగుళాలు

మీ ఊరి నీటి వనరులు, అవసరం లెక్కగట్టి రాయమన్న మూడో పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలావాటి ఆఖరి వరుసలో ఒకటే కోరిక: ఓవర్‌హెడ్ ట్యాంకు. ట్యాంకు నీళ్లను దాస్తుంది, పుట్టించదు. మే నెలలో ఉన్న ట్యాంకే సగం నిండకపోతే లోపం బోర్లలో ఉంది. ట్యాంకు నిండినా చివరి వీధి కొళాయికి నీళ్లు ఎక్కకపోతే పైపులైనులో ఉంది. ఆ రెండూ బాగుండి, కరెంటు పోయిన రోజు మాత్రమే జనం బిందెలు పట్టుకుని తిరుగుతుంటే అప్పుడు ట్యాంకు అడగండి.

నెల్లూరు జిల్లా ఉదయగిరి, వరికుంటపాడు వైపు వాళ్లు కొందరు సోమశిల జలాశయం 78 టీఎంసీలను ఊరి వనరుల్లో వేసేశారు. ఆ నీటికి పెన్నా డెల్టా, కండలేరు, తెలుగుగంగ మీదుగా చెన్నై దాకా వాటాదారులున్నారు. మీ ఊరికి పైపు పడి, వారానికి ఎన్ని గంటలు నీళ్లొస్తాయో రాయగలిగితేనే చేర్చండి. లేకపోతే కొట్టేయండి.

జనాభా, పశువుల సంఖ్య సచివాలయంలో దొరుకుతాయి, దాని గురించి చెప్పేదేం లేదు. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు. గేదెకు 60, గొర్రెకు 6 వేసుకోవడం నా అలవాటు. 1,800 మంది, 400 గేదెలు, 1,500 గొర్రెలున్న ఊరికి 99,000, 24,000, 9,000 కలిపి 1,32,000 లీటర్లు. పైపుల్లో కారేదానికి వందకు 15 వదిలేస్తే, బోర్ల దగ్గర 1,55,000 తోడాలి.

దాదాపు అందరూ బోల్తాపడింది బోర్లు ఇచ్చే నీళ్ల లెక్కలోనే. ఇలాంటి ఊరికి మూడు బోర్లు, నవంబరులో ఒక్కోటి రెండున్నర అంగుళాలు, మేలో ఒకటిన్నర. కాబట్టి మేలో అరవై శాతం నీళ్లు ఉంటాయని రాశారు. ఉండవు. ఇరవై ఎనిమిది శాతమే ఉంటాయి.

బోరు బండి వాళ్లు చెప్పే అంగుళం పైపు వెడల్పు కాదు. రేకులో 90 డిగ్రీల వి గాడి కోసి, దాని మీదుగా నీళ్లు పొర్లించి, గాడి అడుగు కొస నుంచి నీటిమట్టం ఎంత ఎత్తుందో చూస్తారు. మట్టం పెరిగితే గాడిలో నీటి వెడల్పూ పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. అందుకే అంగుళాలు రెట్టింపైతే నీళ్లు ఐదున్నర రెట్లు దాటతాయి. గంటకు ఒక అంగుళానికి సుమారు 510 లీటర్లు, ఒకటిన్నరకు 1,400, రెండుకు 2,900, రెండున్నరకు 5,000, మూడుకు 8,000. కాబట్టి "అర అంగుళమేగా తగ్గింది" అనకండి. మూడు నుంచి రెండున్నరకు తగ్గితే గంటకు 3,000 లీటర్లు పోయినట్టు.

మట్టాన్ని గాడి దగ్గరే కొలవడం ఇంకో తప్పు. అక్కడ నీరు కిందికి వంగి తక్కువ చూపిస్తుంది. మట్టం ఎంత ఎత్తుంటే దానికి నాలుగు రెట్లు వెనక్కి వెళ్లి కొలవండి. బోరు వేసిన రోజు కంప్రెసర్ గాలికి ఎగిరిన నీళ్లు చూసి కంటి అంచనాగా చెప్పిన అంగుళాలను నేనైతే కాగితం మీదే పెట్టను.

లెక్కకు వద్దాం. రోజుకు పది గంటలు ఆడితే నవంబరులో మూడు బోర్లు 1,50,000 ఇస్తాయి, దాదాపు సరిపోయినట్టే. మేలో 42,000. లోటు 1,13,000. నెల్లూరులో వాన ఎక్కువగా అక్టోబరు–డిసెంబరు మధ్యే పడుతుంది గనుక, సంక్రాంతి ముందు కొలిచిన ఏ బోరైనా మంచి బోరులాగే కనిపిస్తుంది.

అభ్యాసం: మేలో ఊరి తాగునీటి బోర్లన్నీ ఒక్కోటి ఒక్కోరోజు కొలవండి. గాడి రేకు లేకపోతే 200 లీటర్ల డ్రమ్ము చాలు. రెండున్నర అంగుళాల బోరు దాన్ని రెండున్నర నిమిషాల లోపే నింపుతుంది, ఒకటిన్నరదానికి ఎనిమిదిన్నర పడుతుంది. మోటారు వేసిన వెంటనే వచ్చే కొలత రాయండి గానీ లెక్కలో వాడకండి, అది గొట్టంలో నిలిచిన నీరు. తర్వాత గంటగంటకూ, మోటారు ఆపేదాకా. మధ్యలో గ్యాపిస్తే, అంటే నీళ్లు ఆగి ఆగి వస్తే, ఎన్నో గంటలోనో రాయండి. ఆ బోరు లెక్క అక్కడితో సరి, మిగిలిన గంటలు కలపొద్దు. అదే రోజు లీటరు నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. గాజు సీసా ఫ్లోరైడ్ కొలతను చెడగొడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరును తాగునీటి వరుసలోంచి తీసి వాడకం నీళ్లలో వేయండి.